మార్కులు పోయేది ‘ఉన్నట్టుంది’ దగ్గరే

చోళపురం (రాజపాళయం): విరుదునగర్ జిల్లాకి చదువులో పెద్ద పేరే ఉంది. ప్లస్ టూ ఫలితాలొచ్చినప్పుడల్లా పాసు శాతంలో ఈ జిల్లా ముందు వరసలో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి మొదటి స్థానం వదలని రోజులూ ఉన్నాయి. వాన తక్కువ, సేద్యం అంతంతమాత్రం. శివకాశిలో టపాకాయలు, అచ్చుపని. రాజపాళయంలో నూలు మిల్లులు. ఛత్రపట్టిలో ఆస్పత్రులకు పోయే బ్యాండేజీ గుడ్డ. పిల్లవాడు వీటిలోంచి బయటపడాలంటే చదువొక్కటే దారని ఇక్కడి తల్లిదండ్రులు ఎప్పుడో తేల్చుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలదీ అదే లెక్క. ఏదో ఒక సబ్జెక్టులో ‘సెంటమ్’ వచ్చిందంటే చాలు, వీధంతా మిఠాయి పంచుతారు.

సెంటమ్ ఎలా వస్తుందో అందరికీ తెలిసిందే. పాఠం చివర ఉన్న ‘బుక్ బ్యాక్’ ప్రశ్నలు, గైడులో వాటి జవాబులు, పాత పేపర్లు. పొద్దున అయిదింటికి లేచి అవన్నీ కంఠతా పట్టడం. పట్టుదలకు వంక పెట్టాల్సిన పని లేదు. కానీ అదే పిల్లవాడు నాలుగేళ్ల తర్వాత బ్యాంకు పరీక్షకో, లా కాలేజీ ప్రవేశానికో, సివిల్స్ ప్రిలిమ్స్‌కో కూర్చుంటాడు. అక్కడ ఎన్నడూ చూడని ప్యాసేజీ ఒకటి ఇచ్చి, ‘దీన్నిబట్టి ఏమి తేల్చవచ్చు?’ అని అడుగుతారు. పిల్లవాడు ప్యాసేజీ మళ్లీ చదువుతాడు. జవాబు అందులో వాక్యంగా ఎక్కడా ఉండదు. నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపిస్తాయి. గడియారం తిరుగుతూ ఉంటుంది. ఏదో ఒకటి పెట్టేసి ముందుకు పోతాడు.

కోచింగ్ సెంటర్ల భాషలో దీన్ని ‘ఇన్ఫరెన్స్ ప్రశ్న’ అంటారు. ఇది చిన్న సంగతేమీ కాదు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2011 నుంచి ఉన్న సీశాట్ పేపర్‌లో 80 ప్రశ్నలు, 200 మార్కులు. అందులో ప్యాసేజీ ప్రశ్నలది పెద్ద వాటా. ఒక్కో ప్రశ్నకు రెండున్నర మార్కులు, తప్పు పెడితే మూడో వంతు కోత. గొడవలన్నీ జరిగాక 2015లో దీన్ని క్వాలిఫయింగ్ పేపర్ చేశారు. 33 శాతం వస్తే చాలన్నారు. ఆ 66 మార్కులు దాటలేక, మొదటి పేపర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇంటిదారి పడుతున్నారు. పైగా ప్రశ్నలు ఇంగ్లిషు, హిందీల్లో మాత్రమే. న్యాయ కళాశాలల క్లాట్ పరీక్ష 2020 నుంచి పూర్తిగా ప్యాసేజీల మీదే నడుస్తోంది. చదివినదాన్నిబట్టి ఏమి తేల్చుకోగలరో చూస్తామని సిలబస్‌లోనే రాసి పెట్టారు.

అందరూ చెప్పే కారణం ఒక్కటే: ‘ఇంగ్లిషు రాదు.’ ఆ మాటలో సగమే నిజం.

నూటికి పదిహేడు

పీసా అనే అంతర్జాతీయ పరీక్ష ఒకటి ఉంది. ఓఈసీడీ నడుపుతుంది. పదిహేనేళ్ల పిల్లలు బడిలో నేర్చినదాన్ని బతుకులో ఎంతవరకు వాడగలరో చూస్తుంది. 2009 విడత పరీక్షను భారతదేశం నుంచి రెండే రాష్ట్రాలు, కాస్త ఆలస్యంగా, రాశాయి: తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్. 2011 డిసెంబరులో ఫలితాలొచ్చాయి. చదివి అర్థం చేసుకోవడంలో కనీస స్థాయిని అందుకున్నవాళ్లు తమిళనాడులో నూటికి 17 మంది. ఓఈసీడీ దేశాల్లో 81 మంది. పట్టికలో రెండు రాష్ట్రాలూ అట్టడుగుకి దగ్గరగా నిలిచాయి. ప్రశ్నలు ఇక్కడి పిల్లల పరిసరాలకు సంబంధం లేనివన్న వాదన వచ్చింది. ఆ తర్వాత దేశం పీసా జోలికి పోలేదు. 2021 విడతలో చేరతామని 2019లో ఒప్పందం కుదిరినా, కరోనాతో ఆ పరీక్ష 2022కి జరిగింది, భారత్ రాయనూ లేదు.

పరిసరాల వాదనలో నిజం లేకపోలేదు. దాని సంగతి తర్వాత. ముందు పీసా వాళ్లు నమూనాగా బయటపెట్టిన ప్రశ్న ఒకటి చూడండి. గోడల మీద బొమ్మలు, రాతల గురించి ఇద్దరు రాసిన రెండు ఉత్తరాలు. ఒకామె బడి గోడకి నాలుగోసారి రంగు వేయాల్సి వచ్చిందని మండిపడుతుంది. రెండో ఆమె సోఫియా. ఊరంతా కంపెనీల ప్రకటనలు వేలాడుతున్నాయే, వాటికి ఎవరి అనుమతి అడిగారని ఎదురడుగుతుంది. ప్రశ్న: సోఫియా ప్రకటనల సంగతి ఎందుకు ఎత్తింది?

పార్టీల గోడ రాతలు చూస్తూ పెరిగిన తమిళనాడు పిల్లలకు ఇంతకంటే దగ్గరి విషయం ఉంటుందా? ‘ఈ గోడ ఫలానా పార్టీది’ అని ఎన్నికలకు నెలల ముందే సున్నం కొట్టి రాసిపెట్టే ఊళ్లివి. విషయం కొత్తది కాదు. కొత్తదల్లా ‘ఎందుకు ఎత్తింది’ అన్న అడగడమే. సోఫియా ఉద్దేశం ఆమె ఉత్తరంలో ఒక వాక్యంగా దొరకదు. రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి, అడగకుండా కళ్ల ముందుకొచ్చే ప్రకటనను ఒప్పుకున్నప్పుడు గోడ బొమ్మనెందుకు తప్పంటారన్నది ఆమె వాదన అని చదివేవాడే తేల్చుకోవాలి.

ఆ విడత పీసాలో చదువు ప్రశ్నలు మూడు రకాలు. ఉన్నదాన్ని వెతికి పట్టుకోవడం ఒకటి. ఉన్నవాటిని కలిపి అర్థం తీయడం ఒకటి. చదివినదాన్ని తూకం వేయడం ఒకటి. బుక్ బ్యాక్ చదువు మొదటిదానికే తర్ఫీదు ఇస్తుంది. ‘పాఠంలో ఎక్కడుందో చూసి గీత గియ్యి’ అని ఒకటో తరగతి నుంచి చెప్పిన పిల్లవాడికి, గీత గియ్యడానికి చోటే లేని ప్రశ్న ఎదురైతే వాడేం చేస్తాడు? తమిళనాడు ప్రభుత్వం 2018-19 నుంచి పాఠ్యపుస్తకాలు మార్చింది. పుస్తకాలు నిజంగానే మెరుగయ్యాయి. గైడ్లు మాత్రం నెల తిరక్కుండా వాటికీ వచ్చేశాయి.

అవ్వ దగ్గరున్న వ్యాకరణం

అసలు చిత్రం ఇక్కడుంది. ఈ పిల్లలకు ఇన్ఫరెన్స్ తెలియదా? బాగా తెలుసు. తెలుగింట్లో పెరిగే పిల్లవాడికి చిన్నతనంలోనే తెలుసు.

చోళపురంలో ఒక అవ్వ తెల్లవారి వాకిలి తెరిచి ఈ మూడింటిలో ఏదో ఒక మాట అంటుందనుకోండి. ‘రాత్రి వాన పడిందిరా.’ ‘రాత్రి వాన పడిందంటరా.’ ‘రాత్రి వాన పడినట్టుందిరా.’ మొదటి మాటకు ఆమె సాక్షి. రెండో మాట పక్కింటి వాళ్లు చెప్పింది. మూడో మాట తడిసిన వాకిలినీ, చెట్టు కింద నీటి మడుగునీ చూసి ఆమే తేల్చుకుంది. మూడు మాటలకీ తేడా మనవడికి ఎవరూ పాఠం చెప్పలేదు. ‘పడిందంట’ అంటే ‘ఎవరు చెప్పినారు అవ్వా?’ అని అడుగుతాడు. ‘పడినట్టుంది’ అంటే తనూ వాకిట్లోకి తొంగి చూస్తాడు. ఒకదానికి మనిషి సాక్ష్యం కావాలి, ఇంకోదానికి వస్తువు సాక్ష్యం కావాలి. అంత సూక్ష్మం వాడికి ఉగ్గుపాలతో వచ్చింది. తమిళంలోనూ ఇదే కథ. ‘వందాన్’ వేరు, ‘వందానామ్’ వేరు, ‘వంద మాదిరి ఇరుక్కు’ వేరు. రెండు భాషల పిల్లవాడు ఈ తేడాని రోజుకి వందసార్లు రెండు భాషల్లోనూ వాడుతున్నాడు.

ఇంగ్లిషులో క్రియ చివర ఈ తోకలు లేవు. అక్కడ అవి విడి మాటలుగా ఉంటాయి. ప్రశ్నలో ‘అకార్డింగ్ టు ది ప్యాసేజ్’ అని ఉంటే అది ‘ఉంది’ ప్రశ్న. జవాబు ప్యాసేజీలో వాక్యంగా ఉంటుంది, మాటలు మార్చి ఆప్షన్‌లో పెడతారు. ‘సజెస్ట్స్’, ‘ఇంప్లైస్’, ‘కెన్ బి ఇన్ఫర్డ్’ అని ఉంటే అది ‘ఉన్నట్టుంది’ ప్రశ్న. ప్యాసేజీలో ‘సమ్ క్రిటిక్స్ ఆర్గ్యూ’ అనో ‘ఇట్ ఈజ్ బిలీవ్డ్’ అనో కనిపిస్తే అది ‘అంట’. ఈ మూడో చోట పోయే మార్కులు అన్నీ ఇన్నీ కావు. రచయిత వేరేవాళ్ల వాదన చెప్పి, తర్వాతి పేరాలో దాన్ని కొట్టేస్తాడు. ఆప్షన్‌లో మాత్రం ఆ వాదనని రచయిత అభిప్రాయంగా పెడతారు. తొందరలో ఉన్న పిల్లవాడు ‘ప్యాసేజీలో ఉంది కదా’ అని దానికే చుక్క పెడతాడు. అవ్వ ‘పడిందంట’ అన్నదాన్ని ‘అవ్వ చూసింది’ అని ఊరంతా చెప్పినట్టు!

ఇంకొంచెం లోతుకి పోతే తెలుగులో మెట్లు మరిన్ని ఉన్నాయి. ‘మామ వచ్చాడు.’ ‘మామ వచ్చినట్టున్నాడు.’ ‘మామ వచ్చి ఉంటాడు.’ ‘మామ వచ్చాడేమో.’ గుమ్మంలో చెప్పులు కనిపిస్తే ‘వచ్చినట్టున్నాడు’. బస్సు వచ్చే వేళ దాటిందని తెలిస్తే ‘వచ్చి ఉంటాడు’. ఏ ఆధారమూ లేకుండా, రావాలన్న ఆశతో అంటే ‘వచ్చాడేమో’. పరీక్ష అడిగేది ‘వచ్చినట్టున్నాడు’ మెట్టు. పిల్లలు పెట్టేది ఎక్కువసార్లు ‘వచ్చాడేమో’ మెట్టు. ‘అలా జరిగే అవకాశం ఉంది కదా సార్’ అంటారు. అవకాశం దేనికైనా ఉంటుంది. చెప్పులు ఎక్కడున్నాయో చూపించమంటుంది పరీక్ష.

సైరన్ మోగని పొద్దు

మాటలతో చెబితే తేలికగానే ఉంటుంది. ఒక నమూనా చూస్తే చిక్కు తెలుస్తుంది. ఇక్కడి పిల్లలకు దగ్గరగా ఉండాలని మిల్లు సంగతే తీసుకుని కట్టిన పేరా ఇది.

‘ఆరు దాటింది. మిల్లు సైరన్ ఇవాళ కూడా మోగలేదు. ఆయన టిఫిన్ క్యారియర్ జోలికి పోకుండా, చొక్కా తగిలించుకుని టీ కొట్టుకి వచ్చాడు. అప్పటికే అక్కడ నలుగురు ఉన్నారు. గేటు మీద కాగితంలో తేదీ వేయలేదని ఒకాయన అన్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. టీ కొట్టాయన ఎవరినీ డబ్బులు అడగలేదు. అట్ట నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.’

దీన్నిబట్టి ఏమి తేల్చవచ్చు? (అ) మిల్లు ఇక ఎప్పటికీ తెరవరు. (ఆ) మిల్లు మళ్లీ ఎప్పుడు నడుస్తుందో అక్కడున్నవాళ్లకు తెలియదు. (ఇ) నూలు ధర పడిపోవడంతో యాజమాన్యం మిల్లు మూసింది. (ఈ) టీ కొట్టు వ్యాపారం బాగా సాగుతోంది.

జవాబు (ఆ). కానీ రాజపాళయం పిల్లవాడి చెయ్యి (ఇ) మీదకు పోతుంది. ఎందుకంటే వాడికి మిల్లుల సంగతి తెలుసు. పత్తి ధర పెరగడం, నూలు ధర పడటం, కరెంటు కోతలు, బ్యాంకు అప్పులు అన్నీ అన్నం తింటూ విన్నవే. మిల్లు ఆగిందంటే కారణం ఏమై ఉంటుందో వాడికి చెప్పనక్కర్లేదు. ఆ తెలివే వాడిని దెబ్బ తీస్తుంది. పేరాలో ధర ఊసే లేదు. సమ్మె కావచ్చు, మరమ్మతు కావచ్చు, లాకౌట్ కావచ్చు. (ఇ) నిజమే అయినా ఈ పేరా దానికి సాక్ష్యం చెప్పదు.

(అ)లో తప్పు వేరు. దారి సరైనదే, పరుగే ఎక్కువైంది. ఆధారం ‘తేదీ లేదు’ అన్నంతవరకే ఉంది. ‘ఎప్పటికీ’ అన్నది పిల్లవాడి భయం. ఇక (ఈ)ని చూడండి. అయిదుగురు టీ తాగితే వ్యాపారం సాగుతున్నట్టే కదా అనిపిస్తుంది. చివరి రెండు వాక్యాలు ఆ ఆశ మీద నీళ్లు చల్లుతాయి. వ్యాపారం కాదక్కడ సాగేది, అప్పు. వాళ్ల చేతుల్లో డబ్బు ఆడటం లేదనీ, కొట్టాయనకు వాళ్లంతా తెలిసినవాళ్లేననీ ఆ నోటుబుక్కు చెబుతోంది. (ఆ) ఒక్కటే పేరాలో ఉన్న వస్తువుల మీద నిలబడుతుంది. తేదీ లేని కాగితం, ఆ మాటకు ఎవరూ బదులు చెప్పకపోవడం, ‘ఇవాళ కూడా’ అన్న చిన్న మాట. ఆ ‘కూడా’ని చదవకుండా దాటేసిన పిల్లవాడికి మిల్లు నిన్న కూడా నడవలేదన్న సంగతి తెలియనే తెలియదు.

‘ఎప్పటికీ, మాత్రమే, అన్నీ, ఎవరూ లాంటి మాటలున్న ఆప్షన్ కళ్లు మూసుకుని కొట్టేయండి’ అన్నది కోచింగ్ సెంటర్ల చిట్కా. పైన (అ)కి అది పనికొచ్చింది. కొన్నాళ్లు పరీక్షల్లోనూ పనిచేసింది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లూ ఆ చిట్కాలు వింటూనే ఉంటారు కదా! సీశాట్‌లో ఇప్పుడు రెండు వాక్యాలిచ్చి ‘ఒకటి మాత్రమేనా, రెండు మాత్రమేనా, రెండూనా, రెండూ కావా’ అని అడుగుతున్నారు. ‘మాత్రమే’ని కొట్టేస్తూ పోతే అక్కడ మిగిలేది ఏముంది?

ఇదే పేపర్‌లో ఇన్ఫరెన్స్‌కి తోడు ‘అజంప్షన్’ కూడా అడుగుతారు. రెండింటినీ కలగాపులగం చేసుకోవడం మామూలే. ఇల్లు గుర్తుంచుకుంటే చిక్కు విడిపోతుంది. ప్యాసేజీ నేలమట్టపు ఇల్లు అనుకోండి. ఇన్ఫరెన్స్ దాని మీద వేసే మిద్దె. అజంప్షన్ దాని కింద కనపడని పునాది. మిద్దెకి ఇల్లు ఆధారం కావాలి. పునాది తీసేస్తే ఇల్లే కూలాలి. ‘చోళపురానికి ఇంకో రెండు బస్సులు వేస్తే పిల్లలు బడి మానరు’ అని ఒకరు రాశారనుకుందాం. బస్సుల్లేకనే పిల్లలు మానుతున్నారన్నది ఆయన పునాది. అది తప్పయితే ఆయన వాదనంతా పడిపోతుంది. దాన్ని ఇన్ఫరెన్స్ అని రాస్తే రెండున్నర మార్కులు పోయి, ఇంకో ముప్పావు పైన ఎదురు కట్టాలి.

ఒక మాట పరీక్ష పెట్టేవాళ్లకి కూడా చెప్పాలి. కొన్ని ప్రశ్నల్లో రెండు ఆప్షన్లకు ఇంచుమించు సమానంగా ఆధారం ఉంటుంది. పరీక్ష అయిన సాయంత్రం కోచింగ్ సెంటర్లు విడుదల చేసే కీలు ఒకదానితో ఒకటి కలవవు. పాఠాలు చెప్పే పెద్దలే తేల్చుకోలేని ప్రశ్నకి పిల్లవాడి మార్కులు కోయడం ఏం న్యాయం? ప్యాసేజీలో ఫలానా వాక్యం వల్ల ఇది జవాబు అని కీతో పాటు ఒక్క లైను ముద్రిస్తే సగం తగవులు ఉండవు.

తెలిసిన ఆట, తెలియని ఆట

ఇప్పుడు పరిసరాల వాదన దగ్గరికి రావచ్చు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 64 మంది బడి పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చారు. పిల్లల్లో బాగా చదవగలిగేవాళ్లూ, చదవలేనివాళ్లూ ఉన్నారు. బేస్‌బాల్ తెలిసినవాళ్లూ, తెలియనివాళ్లూ ఉన్నారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందుండి ఆట తెలియని పిల్లల కంటే ఆ కథనాన్ని బాగా అర్థం చేసుకున్నారు. వాక్యాల మధ్య వదిలేసిన ఖాళీలు తెలిసినవాడే పూరించగలడు. ‘టిఫిన్ క్యారియర్ జోలికి పోకుండా’ అన్న మాట చెన్నై అపార్టుమెంటు పిల్లవాడికి మామూలు మాట. అమ్మ కట్టిన క్యారియర్‌తో నాన్న షిఫ్టుకి పోవడం రోజూ చూసిన పిల్లవాడికి అది ఒక రోజు కూలి.

అంటే తెలిసి ఉండటం కావాలి, తెలిసింది జవాబులో దూర్చకుండా ఉండటమూ కావాలి. చదివేటప్పుడు తెలిసినదంతా వాడాలి. ఆప్షన్ పెట్టేటప్పుడు ‘ఈ పేరా ఒక్కటే సాక్షి’ అనుకోవాలి. ఈ రెండూ ఒకే తలకాయతో ఒకే నిమిషంలో చేయడం అంత సులువేమీ కాదు. కంఠతా చదువు మొదటిదాన్ని పెంచదు, రెండోదాన్ని అడగదు. అటువైపు రోజూ నాలుగు ప్యాసేజీలు బట్టీ కొట్టినట్టు చేయించే కోచింగ్ కూడా మొదటిదానికి పనికిరాదు. పత్రిక చదవని, ఊరి సంగతి పట్టని పిల్లవాడికి ప్యాసేజీ మీద ప్యాసేజీ ఇస్తూ పోతే వాడికి పెరిగేది విసుగే.

ఇక ఇంగ్లిషు మాట. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లవాడు వెనకబడతాడని, ముద్ద పెట్టేటప్పుడు కూడా ఇంగ్లిషు ముక్కలు విసిరే ఇళ్లు పెరుగుతున్నాయి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. రాజపాళయం వైపు చాలా ఇళ్లలో తెలుగు నోట్లోనే ఉంది, చేతిలో లేదు. మాట తెలుగు, శుభలేఖ తమిళం. 2006లో వచ్చిన చట్టంతో తమిళం మొదటి భాషగా తరగతి తరగతికీ తప్పనిసరి అవుతూ పదో తరగతి దాకా వచ్చింది. భాషా మైనారిటీ బడుల మినహాయింపు గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తమిళం నేర్చుకోవడం వల్ల ఇక్కడి తెలుగు పిల్లలకు నష్టమేమీ లేదు. 2021 చివర్లో వచ్చిన ఉత్తర్వుతో టీఎన్‌పీఎస్‌సీ ఉద్యోగాలకు తమిళం పేపర్ పాసవడం తప్పనిసరి అయింది కూడా. నష్టమల్లా ఇంట్లో మాట చచ్చిపోవడం.

కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే భాషావేత్త 1979లోనే ఈ సంగతి రాశారు. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన ఇంకో భాషలోకి నడిచి వస్తుంది, రెండింటికీ అడుగున ఉన్న నేల ఒకటేనని ఆయన వాదన. ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, దేన్నిబట్టి అంటున్నావు అని ఇంట్లో తెలుగులో వాదించిన పిల్లవాడు ఇంగ్లిషు ప్యాసేజీ ముందు కూడా అదే అడుగుతాడు. ఇంట్లో ‘కమ్, ఈట్, స్లీప్, హోమ్‌వర్క్’ నాలుగే విన్న పిల్లవాడికి అడిగే అలవాటు ఏ భాషలోనూ రాదు. ‘ఉన్నట్టుంది’ అనడానికి సరిపడా ఇంగ్లిషు తల్లికీ రాక, తెలుగులో అనడం మానేసి, మధ్యలో పిల్లవాడికి ఆ మెట్టే లేకుండా పోతోంది.

ఇది చోళపురం ఒక్కదాని గొడవ కాదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం, బళ్లో తెలుగు ఉన్న పిల్లలదీ ఇదే పరిస్థితి, అటుది ఇటు. హోసూరు, తిరుత్తణి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అడగడం నేర్పితే

బ్రిటన్‌లో నికోలా యూయిల్, జేన్ ఓక్‌హిల్ 1988లో ఒక పని చేశారు. అక్షరాలు చకచకా చదివేసి అర్థం పట్టుకోలేని పిల్లల్ని తీసుకుని, కథలోని ఒక్కో మాట ఏమేమి చెబుతోందో వెతికించారు. కథ మీద పిల్లల చేతే ప్రశ్నలు వేయించారు. మధ్యలో కొన్ని వాక్యాలు కప్పేసి అక్కడేముంటుందో చెప్పమన్నారు. ఏడు చిన్న క్లాసులు, అంతే. పిల్లలు బాగుపడ్డారు. దీనికి స్మార్ట్ బోర్డు అక్కర్లేదు, ట్యాబ్ అక్కర్లేదు. అట్టముక్క ఒకటి చాలు, వాక్యం మీద కప్పడానికి.

ఆంధ్ర, తెలంగాణల్లో పదో తరగతి తెలుగు పేపర్‌లో ‘అవగాహన – ప్రతిస్పందన’ అని ఒక విభాగం ఉంది. పేరా ఇచ్చి దానిమీద ప్రశ్నలు తయారుచేయమని అడుగుతారు. చాలా మంచి ఆలోచన. దాన్ని కూడా గైడ్లు మింగేశాయి. ‘ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి’ పెట్టి ప్రశ్నలు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. ‘ఎందుకై ఉంటుంది’, ‘దీన్నిబట్టి ఏమి తెలుస్తోంది’ అని ఒక్క ప్రశ్నయినా ఉండాలని మూల్యాంకనంలో షరతు పెడితే, ఖర్చు లేకుండా సగం పని జరుగుతుంది. తమిళనాడు తమిళం, ఇంగ్లిషు పేపర్లలోనూ ఇలా అడగవచ్చు. పాసు శాతం ఒకటి రెండేళ్లు తగ్గుతుందేమో. ఆ భయంతోనే ఎవరూ చెయ్యరు.

ఈలోగా ఇళ్లలో చేయగలిగింది ఉంది. తెలుగు అక్షరాలు రాని తల్లి అయినా చేయగలదు. నెలకోసారి విద్యుత్ బోర్డు వాళ్లు పేపర్‌లో నాలుగు లైన్ల ప్రకటన వేస్తారు, సబ్‌స్టేషన్ మరమ్మతుల కోసం ఫలానా రోజు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఫలానా ఊళ్లకు కరెంటు ఉండదని. పిల్లవాడిని పెద్దగా చదవమని, తెలుగులోనే అడగవచ్చు. అయిదు కొట్టగానే కరెంటు వచ్చేస్తుందని ఇందులో రాసినారా, నువ్వే అనుకుంటున్నావా? మన ఊరి పేరు లేదంటే మనకు కరెంటు ఉంటుందని వాళ్లు చెప్పినట్టేనా? పక్క ఊరి పేరూ మన ఊరి పేరూ ఒకే వరసలో ఉన్నాయంటే రెండింటికీ సబ్‌స్టేషన్ ఒకటే అయినట్టుందా, ఒకటేనేమోనా?